శాటిలైట్‌లో పచ్చగా ఉంది, గుట్ట మీద బోడిగా ఉంది. తప్పు ఎక్కడ?

భాకరాపేట కుర్రోడు:
అన్నలూ, నిన్న రాత్రి పది నుంచి దీంతోనే కూర్చున్నా. తల పగిలిపోతోంది. పీజీ ప్రాజెక్టు కోసం తిరుపతి దగ్గర మా భాకరాపేట, చిన్నగొట్టిగల్లు వైపు సహజంగా పెరిగే చెట్టూచేమా తగ్గి ఎడారీకరణ ముప్పు పెరిగిందని చూపించాలి. 2009కి ల్యాండ్‌శాట్ 5, 2021కి ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహం బొమ్మలు తీసుకుని క్యూజిఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం సూచిక, కట్టా. 2009లో సగటు 0.24, 2021లో 0.42! మా ఊరి గుట్ట మీద నా చిన్నప్పుడు తంగేడు, సీతాఫలం చెట్ల మధ్య మేకలు కనపడేవి కావు. ఇప్పుడు రోడ్డు మీద నిలబడి గుండ్లు లెక్కపెట్టొచ్చు. పైగా పచ్చదనం 40 శాతం దాటితే ముప్పు తక్కువని గైడ్ చెప్పారు. నాకు 42 వచ్చింది. అంటే మా ఊరికి ఏమీ కానట్టేనా? సోమవారం రివ్యూ.

సర్వే రాయి:
ఏ నెల?

నిఘంటువు:
ముందు ఆ మాట సరిచేసుకోండి. ఎడారీకరణ అంటే థార్ ఇసుక నడుచుకుంటూ మీ ఊరికి రావడమనుకుంటారు జనం. ‘నేల క్షీణత’ అని రాస్తే సరిపోతుంది.

బోరుబావి బాబు:
ఎందుకు రాదండీ? అనంతపురం జిల్లా దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు పొలాల్లోకి వచ్చాయి కదా. అయినా ఈ శాటిలైట్లు ఎందుకు? మా ఊళ్లో వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వస్తోంది, అది చాలదా? మా నాయన కాలంలో మోట బావి...

నిఘంటువు:
హొన్నూరు ఇసుక వేదవతి ఏటిది, థార్‌ది కాదు. అక్కడి సంగతి వేరు.

రిటైర్డ్ రేంజర్:
ఇద్దరూ సగమే చెప్పారు. 1994 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఆ మాటకు అర్థం స్పష్టంగా ఉంది: పొడి, అర్ధ పొడి, కొద్దిగా తేమ ఉన్న పొడి ప్రాంతాల్లో వాతావరణం వల్లో మనుషుల వల్లో నేల క్షీణించడం. ఇస్రో అట్లాస్ పేరులోనూ రెండు మాటలూ ఉన్నాయి. 2018-19 లెక్కలో దేశంలో 29.77 శాతం నేల అందులోకే వచ్చింది. ఇంక ఆ గొడవ వదిలేయండి.

భాకరాపేట కుర్రోడు:
సర్వే రాయి అన్నా, నెలతో పనేంటి? సంవత్సరాలు రాశా కదా. బ్యాండ్లు, అంటే ఒక్కో రకం కాంతికి ఉండే పొరలు, కూడా సరిగ్గానే పెట్టా. పాతదానికి 4, 3. కొత్తదానికి 5, 4.

సర్వే రాయి:
నెల.

భాకరాపేట కుర్రోడు:
2009ది ఏప్రిల్. 2021ది డిసెంబర్. మబ్బుల్లేనివి అవే దొరికాయి.

సర్వే రాయి:
చెప్పవేం మరి! 2021 నవంబర్‌లో తిరుపతి వీధుల్లో వరద పారింది. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ మరుసటి నెల బొమ్మలో గండ్రాళ్ల సందుల్లో గడ్డి కూడా పచ్చగానే ఉంటుంది. నువ్వు కొలిచింది చెట్లను కాదు, వానను.
రెండోది, ఎన్‌డీవీఐ 0.42 అంటే 42 శాతం కాదు. నీ బొమ్మలోనే బోడి నేల విలువ, దట్టమైన అడవి విలువ చూసుకో. అవి 0.12, 0.72 అనుకుందాం. 0.42లోంచి 0.12 తీసేసి 0.60తో భాగిస్తే సగం, అంటే 50 శాతం. కొందరు దాన్ని మళ్లీ వర్గం చేస్తారు, అప్పుడు 25. ఒకే గుట్ట 40కి పైనా ఉంటుంది, కిందా ఉంటుంది. ఏ సూత్రం వాడావో రాయి.
ఆ 40 గీత ఎడారీకరణ ముప్పు లెక్కగట్టే మెడాలస్ పద్ధతిది. గ్రీసు లెస్వోస్ దీవి, స్పెయిన్, ఇటలీ వైపు నేలల మీద పెట్టుకున్నది. అంతకంటే తగ్గితే వాననీరు మట్టిని కోసుకుపోవడం ఎక్కువవుతుందని. మనకు అలాగే అతికించకు.

రిటైర్డ్ రేంజర్:
రెండూ ఏప్రిల్‌వే తీసుకుంటే చాలనుకోకు. ఎండాకాలం మన ఎర్రచందనం ఆకు రాల్చేస్తుంది. అడవి గోధుమరంగులో ఉంటుంది, పక్కనే మామిడి తోట పచ్చగా ఉంటుంది. బొమ్మ చూసినవాడు తోటే అడవి అనుకుంటాడు! జనవరి బొమ్మలు తీసుకో. వేరుశనగ పీకేసి ఉంటారు, చెట్లకు ఇంకా ఆకు ఉంటుంది. రెండేళ్లు కాదు, ఏడెనిమిదేళ్లవి పెట్టి పక్కన ఆ ఏడాది వాన రాయి. తోటలు, జామాయిల్ బొమ్మలోంచి ముందే తీసెయ్. అవి సహజం కాదు.

బోరుబావి బాబు:
పులికంప సహజమా కాదా? దానంతట అదే మొలుస్తుంది కదా.

రిటైర్డ్ రేంజర్:
బయటి దేశపు మొక్క. కింద గడ్డిని బతకనివ్వదు.

బోరుబావి బాబు:
మిరపకాయ కూడా బయటి దేశపుదే సార్.

నిఘంటువు:
పులికంప అని ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్కను అంటారు. శాస్త్రీయ నామం రాయండి.

భాకరాపేట కుర్రోడు:
పులికంపను లెక్కలో ఉంచాలా, తీసేయాలా? ఎవరైనా ఒక్కమాట చెప్పండి.

సర్వే రాయి:
బొమ్మలో ఒక్కో చుక్క 30 మీటర్ల నేల, అందులో పులికంపేదో తంగేడేదో నీకెట్లా తెలుస్తుంది? గుట్ట ఎక్కు, పది చోట్ల ఫోన్‌లో ఫోటో, లొకేషన్ తీసుకురా. అది సరే, నువ్వు దించుకున్నవి లెవల్ 2 ఫైళ్లా, అంటే గాలి, దుమ్ము ప్రభావం సరిచేసినవా? ఫైల్లోని అంకెల్ని అసలు విలువలుగా మార్చడానికి 0.0000275తో గుణించి 0.2 తీసేశావా? లేకపోతే ఆ 0.42 కూడా తప్పే.

భాకరాపేట కుర్రోడు:
గుణించాలని ఎవరూ చెప్పలేదన్నా... జనవరి బొమ్మలు డౌన్‌లోడ్ పెట్టా, నెట్ పాకుతోంది. థ్యాంక్స్ అందరికీ.

బోరుబావి బాబు:
దామలచెరువులో తోతాపురి రేటు ఎవరికైనా తెలుసా?