అప్‌డేట్: దేవుడి మీద కోపం వస్తుంటే పూజ మానేయాలా అని అడిగాను

ఉద్యోగం పోయి, అమ్మకు డయాలసిస్ మొదలైనప్పుడు అడిగిన ప్రశ్న అది. చాలామంది ఓపిక పట్టమన్నారు. ఒక పెద్దాయన మాత్రం రామదాసును గుర్తు చేశారు. గోల్కొండ వెళ్లి, ఆయన్ను, అంటే కంచర్ల గోపన్నను, 12 ఏళ్లు బంధించారని చెప్పే చెర చూశాను. లోపల మసక వెలుతురు, గోడ మీద రాముడి బొమ్మ. సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టిందని కీర్తనలో రాముడికే లెక్క అప్పజెప్పిన మనిషి! తిట్టాడు, ఆ కీర్తనలోనే మన్నించమన్నాడు. పాడటం మాత్రం ఆపలేదు.

ఉద్యోగం ఇంకా రాలేదు. దీపం పెడుతున్నాను, పెడుతూనే పోట్లాడుతున్నాను. అమ్మ మంచం మీద నుంచే అడుగుతుంది: "ఈ రోజు ఏమని తిట్టావురా?"