అంగోరా కుందేలు మేలుజాతిదో కాదో కొనేముందే తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

నమస్కారం. నేను చాలా ఏళ్లుగా రాట్నం మీద నూలు వడుకుతున్నాను. ఇంట్లోనే రెండు అంగోరా కుందేళ్లను పెంచి, వాటి ఉన్నిని పత్తితో కలిపి వడకాలని కోరిక. హైదరాబాదులో పెంపుడు జంతువులు అమ్మే ఒకరు రెండు నెలల పిల్లల జతను చూపించి, ఇవి అసలైన అంగోరా అని చెప్పి, మామూలు కుందేళ్లకు నాలుగింతల ధర అడిగారు. పిల్లలకు మెడ చుట్టూ, పక్కల వెంబడి పొడవాటి బొచ్చు ఉంది. తల్లికి మాత్రం మెడ దగ్గరే గుబురుగా ఉండి, వీపు నున్నగా కనిపించింది. ఎత్తి చూస్తే కిలోన్నర మించదనిపించింది. తండ్రి కుందేలు వేరే ఊళ్లో ఉందన్నారు. చెవుల కొనల్లో కుచ్చు ఉంటే అది అంగోరాయేనని ఆయన గట్టిగా చెబుతున్నారు. డబ్బు కట్టకముందే నేను ఏమేమి చూడాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

మీరు రాసిన గుర్తులను బట్టి ఆ తల్లి లయన్‌హెడ్ జాతిది గానీ, దాని సంకరం గానీ అయి ఉంటుంది. ఆ జాతికి సింహానికి ఉన్నట్టు మెడ చుట్టూ జూలు ఉంటుంది, మిగిలిన ఒంటి మీద బొచ్చు పొట్టిగానే ఉంటుంది. కొనేవారు మోసపోయేది పిల్లల దగ్గరే, ఎందుకంటే జూలు ఎక్కువగా వచ్చే లయన్‌హెడ్ పిల్లలకు చిన్నతనంలో పక్కల వెంబడి కూడా పరికిణీ అంచులా పొడవాటి బొచ్చు వేలాడుతూ ఉంటుంది, పెద్దయ్యే కొద్దీ అది చాలావరకు రాలిపోతుంది. అందువల్ల పిల్లను చూసి ధర కట్టకండి, తల్లిదండ్రులు రెండింటినీ చూసి కట్టండి.

చెవి కుచ్చు మాట నమ్మదగినది కాదు. ఇంగ్లీష్ అంగోరాకు ముఖం మీదా, చెవుల మీదా ఉన్ని దట్టంగా ఉంటుంది. ఫ్రెంచ్ అంగోరాకు ముఖమూ, చెవులూ, కాళ్ల చివర్లూ నున్నగా ఉంటాయి, అయినా అది మేలుజాతి అంగోరాయే. కుచ్చు ఉన్నంత మాత్రాన అంగోరా కాదు, లేనంత మాత్రాన కాకుండా పోదు.

మీరు చూడవలసిన చోటు వీపు. తోకకు కొంచెం పైన బొచ్చును రెండు బొటనవేళ్లతో పాయ తీయండి. అంగోరా అయితే చర్మం సన్నని గీతలా కనిపించి, దాని మొదలు నుంచే మెత్తని ఉన్ని లేస్తుంది. మెడ దగ్గర ఎంత పొడవు ఉందో నడుము మీద, తొడల మీద కూడా దాదాపు అంతే ఉండాలి. అంగోరా ఉన్ని నెలకు సుమారు రెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది కనుక, ఎన్నడూ కత్తిరించని రెండు నెలల పిల్లకు వీపు మీద ఉన్ని పొట్టిగా ఉండే అవకాశమే లేదు. పైగా మీకు వడకడం వచ్చు. తల్లి వీపు దువ్వి, దువ్వెనకు వచ్చిన ఉన్నిని వేళ్ల మధ్య మెలితిప్పి చూడండి. అది పోగు సాగుతుందో లేదో మీ వేళ్లకు మాకంటే బాగా తెలుస్తుంది.

రెండవ జవాబు

పై మాటలకు ఒక ముఖ్యమైన హెచ్చరిక చేర్చాలి. ఈ పరీక్షలతో "ఇది అంగోరా కాదు" అని చెప్పవచ్చు గానీ, "ఇది మేలుజాతి అంగోరా" అని చెప్పడం కుదరదు. కారణం జన్యువుల్లో ఉంది. అంగోరా పొడవు ఉన్ని అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తేనే పైకి కనిపిస్తుంది. మేలైన అంగోరాను మామూలు కుందేలుతో కలిపితే మొదటి ఈతలో పిల్లలన్నీ పొట్టి బొచ్చుతోనే పుడతాయి. అలాంటి పిల్లను మళ్లీ అంగోరాతో కలిపితే, పుట్టేవాటిలో సగటున సగానికి పొడవు ఉన్ని వస్తుంది. చూడటానికి అవి అంగోరాలే, కానీ వాటి రక్తంలో నాలుగో వంతు మామూలు కుందేలుది. ఉన్ని దట్టమూ, నాణ్యతా, ఏడాదికి ఎంత వస్తుందన్నదీ వేరే అనేక జన్యువుల మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి, నూలు కోసం పెంచేవారికి ఆ తేడా రెండో మూడో కత్తిరింపులకు గాని బయటపడదు. అప్పటికి డబ్బు చేతులు మారి చాలా కాలమై ఉంటుంది. అందుకే తల్లిదండ్రుల ఉన్ని లెక్క చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

మూడవ జవాబు (ఒహాయో నుంచి)

ఇక్కడ అమెరికాలో కుందేళ్ల పెంపకందారుల సంఘం ఇంగ్లీష్, ఫ్రెంచ్, శాటిన్, జెయింట్ అని నాలుగు అంగోరా జాతులను గుర్తిస్తుంది. కొనేటప్పుడు మేము అడిగేది మూడు తరాల వంశావళి పత్రం, ఎడమ చెవిలో టాటూ నంబరు. ఆ పత్రాన్ని రాసి ఇచ్చేది పెంపకందారే తప్ప సంఘం కాదు. కనుక కాగితం ఉందని తృప్తిపడకుండా, అందులోని నంబరూ చెవిలోని నంబరూ ఒకటేనా అని దగ్గరుండి సరిపోల్చుకుంటాము. సంఘంలో నమోదు చేయించాలంటే కుందేలుకు ఆరు నెలలు నిండి, అధీకృత వ్యక్తి స్వయంగా పరీక్షించాలి. ఆ నమోదు గుర్తు కుడి చెవిలో వేస్తారు.

బరువు కూడా చూడండి. వీటిలో అన్నిటికంటే చిన్నదైన ఇంగ్లీష్ అంగోరా కూడా పెద్దదయ్యాక రెండుంబావు కిలోలకు తగ్గదు, ఫ్రెంచ్ మూడున్నర నుంచి దాదాపు ఐదు కిలోల వరకు ఉంటుంది. ఈత వేసిన తల్లి కిలోన్నర ఉందంటే నేనైతే అక్కడే బేరం ఆపేస్తాను.

నాలుగవ జవాబు

మన దేశంలో ఉన్ని కోసం పెంచేది ఎక్కువగా జర్మన్ అంగోరా. హిమాచల్ ప్రదేశ్‌లో కులూ దగ్గరి గర్సాలో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ జాతి మీద పనిచేస్తోంది. సాధారణంగా ఇవి తెల్లగా, ఎర్రని కళ్లతో ఉంటాయి. ఇవి ఉన్నిని తమంతట తాము రాల్చవు, రెండున్నర, మూడు నెలలకోసారి కత్తిరించాలి. కాబట్టి అమ్మేవారిని చివరి కత్తిరింపు ఎప్పుడు, ఎన్ని గ్రాములు వచ్చింది అని అడగండి. నిజంగా అంగోరా పెంచేవారికి ఆ లెక్క నోటి మీద ఉంటుంది. ఇవి కొండచలికి అలవాటుపడినవని, ముప్పై డిగ్రీలు దాటితే అల్లాడిపోతాయని కూడా గుర్తుంచుకోండి. మేలుజాతి అయితే ఆ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఉన్ని అంత దట్టం. హనుమకొండ మే నెలలో చల్లని గది లేకుండా దాన్ని ఉంచడం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ వెళ్లి తల్లిని తూకం వేయించాను: కిలో నాలుగు వందల గ్రాములు. వీపు మీద పాయ తీస్తే బొచ్చు వేలి గోరంత పొడవు కూడా లేదు, చెవిలో ఏ నంబరూ లేదు. చివరి కత్తిరింపు గురించి అడిగితే, వీటికి కత్తిరింపు అవసరం లేదని ఆయన అన్నారు. నేను కొనలేదు. ముందు ఇంట్లో చల్లని గది సంగతి తేల్చుకుంటాను; అది కుదిరితేనే చలికాలంలో కులూ వైపు పెంపకందారులను అడుగుతాను, కుదరకపోతే అక్కడి నుంచి ఉన్నినే తెప్పించుకుని వడుకుతాను.