మళ్ళీ మళ్ళీ వచ్చే సెగగడ్డలకి తెలుగులో వేరే మాట ఉందా?

ప్రశ్న: చంకల్లో గజ్జల్లో ఏళ్ళ తరబడి గడ్డలు లేచి చీము కారే జబ్బుకి డాక్టర్లు హైడ్రాడెనైటిస్ సప్పురేటివా అని రాస్తున్నారు, మన ఇళ్ళల్లో అన్నిటికీ సెగగడ్డే. స్వేదగ్రంథిశోథ అనొచ్చా?

జవాబు: వద్దండీ. హైడ్రాడెనైటిస్ అనే గ్రీకు మాటకి చెమట గ్రంథి వాపు అనే అర్థం, నిజమే, కానీ ఆ పేరే తప్పు ఊహ మీద నిలబడింది. 1839లో వెల్పో అనే ఫ్రెంచి సర్జన్ ఈ గడ్డల గురించి రాశారు, 1854లో వెర్నాయ్ ఇవి చెమట గ్రంథుల్లోంచి పుడుతున్నాయన్నారు, అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు తెలిసిందేంటంటే మొదలయ్యేది రోమకూపంలో, వెంట్రుక మొలిచే గుంత మూతి మూసుకుపోయి లోపల పేరుకుని ఉబ్బి చర్మం లోతుల్లోనే పగులుతుంది, దాంతో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ మితిమీరి రెచ్చిపోతుంది, అదే చోట మళ్ళీ మళ్ళీ జరిగితే చర్మం కింద సొరంగాల్లాంటి దారులు పడి మచ్చలు కట్టేస్తాయి. మనం అనువాదం చేస్తే పాత పొరపాటుని కూడా తెలుగులోకి తెచ్చుకున్నట్టే.

ఇంకో సభ్యురాలు: మరి సెగగడ్డ అంటే తప్పేంటి? మామిడిపళ్ళు ఎక్కువ తింటే వేడి చేసి వస్తాయనేవారు మా అమ్మమ్మ.

జవాబు: మామూలు సెగగడ్డకి ఆ మాట ఉండనివ్వండమ్మా, అది ఎక్కువగా స్టాఫిలోకాకస్ బాక్టీరియా వల్ల వస్తుంది, పక్వానికొచ్చి పగిలి మానిపోతుంది. ఇది అది కాదు. సెగ అనగానే ఏం తిన్నావ్, సరిగ్గా స్నానం చేస్తున్నావా అని మొదలెడతారు, పైగా సెగ అంటే సుఖవ్యాధి అనే అర్థం కూడా ఉంది కదా, పెళ్ళికాని అమ్మాయికి గజ్జల్లో గడ్డలొస్తే ఇంట్లో ఎవరికి చెప్పుకుంటుంది? అసలు జబ్బు పేరు బయటపడేసరికి చాలామందికి ఏళ్ళు గడిచిపోతున్నాయి, నాకు బాధ అక్కడే. ఇది అంటుకోదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. దాదాపు మూడో వంతు మందికి కుటుంబంలో ఇంకొకరికి ఉంటుంది, కొన్ని చైనా కుటుంబాల్లో గామా సెక్రెటేజ్ అనే ఎంజైముకి సంబంధించిన జన్యువుల్లో మార్పులున్నాయని 2010లో పట్టుకున్నారు, అయితే ఎక్కువమంది రోగుల్లో ఆ మార్పులు కనపడవు. సిగరెట్లకీ అధిక బరువుకీ దీనితో గట్టి సంబంధమే ఉంది, మామూలుగా యవ్వనం వచ్చాకే మొదలవుతుంది కాబట్టి హార్మోన్ల పాత్ర ఉందంటారు, కొందరు ఆడవాళ్ళకి నెలసరి ముందు ఎక్కువవుతుంది. చెమట, బట్టల రాపిడి ఉన్న జబ్బుని రేపుతాయి అంతే.

ఇంకొకరు: రోమకూపశోథ అందామా మరి?

జవాబు: అది ఫాలిక్యులైటిస్‌కి వాడేశారండీ, పైపైన వచ్చే చిన్న పొక్కులకి. రాచకురుపు అనకండి, క్యాన్సర్ అనుకుని హడలిపోతారు. బిళ్ళ కట్టడం కూడా కాదు, కాలికి దెబ్బ తగిలినప్పుడు గజ్జల్లో ఉబ్బే లింఫు గ్రంథి సంగతి అది. నాకైతే తిరగబెట్టే గడ్డలు బాగుంది, జ్వరం తిరగబెట్టింది అంటాం కదా, వినగానే తెలుస్తుంది, కారణం మీద తప్పు మాట ఏదీ చెప్పదు. పక్కన డాక్టర్లు రాసే పేరు కూడా తెలుగు అక్షరాల్లో వేయాలి, అది చదివినవాళ్ళు సూదితో పొడుచుకోవడం మానేసి చర్మం డాక్టరు దగ్గరికెళ్ళి ఆ పేరు పెట్టి అడగగలగాలి. 2015 నుంచి అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్‌ని ఈ జబ్బుకి వాడటానికి అమెరికాలో అనుమతి ఉంది, మందు లేని జబ్బేం కాదు.