కథ చివర్లో లేచి నడవాల్సిందేనా?

ప్రశ్న – స్కూల్లో లైబ్రరీ చూసే టీచర్
ఆరో తరగతికి రోజూ కొంచెం కొంచెంగా ‘హైడీ’ చదివి వినిపిద్దామనుకున్నాను. చక్రాల కుర్చీలో ఉండే క్లారా కొండ మీదికి వచ్చి చివరికి నడుస్తుంది. మా క్లాసులో కాలిపర్లు వేసుకునే పాప ఉంది, ఆ కథ వద్దని తోటి టీచరు అంటున్నారు. 1880ల నాటి పుస్తకాన్ని ఇందుకోసం పక్కన పెట్టాలా?

జవాబు – ఇద్దరు పిల్లల తండ్రి
పెట్టొద్దండి. పిల్లల కథ సంతోషంగా ముగిస్తే తప్పేముంది? అన్నిట్లో లోపాలు వెతికితే చదవడానికి ఏమీ మిగలదు.

జవాబు – చిన్నప్పుడు పోలియో వచ్చిన పాఠకురాలు
సంతోషంగా ముగియడంతో నాకూ పేచీ లేదు. క్లారాకి ఎలా నయమైందో చూడండి: కొండగాలి, మేకపాలు, మంచి స్నేహం. పైగా మేకలు కాసే పీటర్ అసూయతో ఆమె కుర్చీని కొండ కిందికి తోసి ముక్కలు చేస్తే, అదే మేలు చేసినట్టు కథ నడుస్తుంది. 1911 నాటి ‘ది సీక్రెట్ గార్డెన్’లో నడవలేనని నమ్మి మంచం పట్టిన కోలిన్ కూడా తోటలోకి వచ్చి, మంచి ఆలోచనలతో లేచి నిలబడతాడు. అతని వెన్నుకి అసలు ఏమీ కాలేదనుకోండి. కానీ చదివే పిల్లలకి అందేది ఒకటే, గట్టిగా అనుకుంటే నడవొచ్చని. మరి నడవలేని పాప గట్టిగా అనుకోలేదనేగా? పోలియో వెన్నుపాములోని నరాల కణాలను చంపుతుంది, పట్టుదల వాటిని బతికించదు. ‘అంతా మనసులోనే ఉందమ్మా, ప్రయత్నించు’ అని చుట్టాలు అంటుంటే వింటూ పెరిగాను. ఇంట్లో అది చాలదన్నట్టు పుస్తకాల్లోనూ అదే.

మన అష్టావక్రుడు జనకుడి సభలో వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించింది ఎనిమిది వంకరల ఒంటితోనే. అయినా తర్వాత సమంగా నదిలో మునిగి ఒళ్ళు సరిచేసుకున్నాడని భారతం చెబుతుంది. అంత గెలిచాక కూడా!

హైడీ చదవండి. పక్కనే సీసీ బెల్ ‘ఎల్ డెఫో’ (2014) కూడా పెట్టండి. నాలుగేళ్ళకి మెనింజైటిస్‌తో వినికిడి పోయిన రచయిత్రి తన బాల్యాన్నే బొమ్మల కథగా గీసింది. చివరికి వినికిడి తిరిగి రాదు. ఆ పాప వెతికింది స్నేహితురాలి కోసం, ఆమె దొరుకుతుంది.

జవాబు – ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్
అందులో పాప వినికిడి యంత్రంతో టీచరు ఎక్కడున్నా మాటలు వినేస్తుంది, సూపర్‌హీరోనని ఊహించుకుంటుంది. నయం కాకపోతే అద్భుతాలు చేయాలా? ఏ ప్రత్యేకతా లేని మా పిల్లల సంగతేంటి?

జవాబు – పోలియో వచ్చిన పాఠకురాలు
న్యాయమైన ప్రశ్న. కానీ ఆ ఊహ ఒంటరితనంలో పాప తనకోసం అల్లుకున్నది, పెద్దలు తగిలించింది కాదు. ‘వండర్’ (2012)లో పుట్టుకతోనే ముఖం వేరుగా ఉన్న ఆగీకి చివర్లో పతకమిచ్చి హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది చూడండి, నన్ను ఎక్కువ బాధపెట్టేది అది. మీ పిల్లలు మామూలుగా అల్లరి చేసి తిట్లు తినే కథలు ఇంకా చాలా రావాలి.

టీచర్ గారూ, కథ మొదలుపెట్టేలోపు ఆ పాపకి విడిగా చెప్పండి. క్లాసంతా తనవైపు తిరిగి చూస్తే ఎలా ఉంటుందో తనకే తెలుసు.

జవాబు – లైబ్రరీ టీచర్
రేపు అడుగుతాను. తను సరేనంటే చదువుతాను, పీటర్ కుర్చీ తోసేసిన చోట ఆపి, క్లారాకి అప్పుడెలా అనిపించి ఉంటుందో అందరినీ రాయమంటాను.