అమెరికా కన్జర్వేటివ్ వ్యాఖ్యాతల పుస్తకాలలో ఏవి చదవదగినవి?

గ్రంథప్రియ:
మా తెలుగు పాఠకుల బృందంలో కొందరు అమెరికాలో, మిగిలినవారు హైదరాబాదులో, విజయవాడలో ఉంటారు. వచ్చే ఏడాది అమెరికా కన్జర్వేటివ్ రాజకీయ వ్యాఖ్యాతల పుస్తకాలు కొన్ని వరుసగా చదివి చర్చించాలని అనుకున్నాము. వీటిలో ఏది ఆలోచించి రాసినదో, ఏది టీవీ కార్యక్రమానికి తోకగా అచ్చయినదో తేల్చుకోవడం ఎలా? ఆ రాజకీయాలతో ఏకీభవిస్తామా లేదా అన్నది వేరే చర్చ; దానిని ఇక్కడికి తీసుకురావద్దని మనవి.

పాతమిద్దె:
నేను పూర్వపక్షం చూస్తాను. ప్రత్యర్థి వాదాన్ని రచయిత చెప్పిన తీరు చదివి, ఆ ప్రత్యర్థి "అవును, నేను అనేది ఇదే" అని ఒప్పుకోగలిగితే ఆ పుస్తకం చదవదగినది. ఆర్థికవేత్త థామస్ సోవెల్ 1987లో ప్రచురించిన 'ఎ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ విజన్స్' ఇందుకు మంచి ఉదాహరణ. మనిషి స్వభావానికి హద్దులున్నాయని నమ్మేవారికీ, ఆ హద్దులను దాటగలమని నమ్మేవారికీ మధ్య తగాదాగా ఆయన రెండు శతాబ్దాల రాజకీయాలను వివరిస్తాడు. ఆర్థిక చింతకులు ఆడమ్ స్మిత్, హయెక్ మొదటివైపు. పద్దెనిమిదో శతాబ్దపు తాత్వికులు గాడ్విన్, కాండోర్సే రెండవవైపు. తన మొగ్గు ఎటో తెలుస్తూనే ఉన్నా గాడ్విన్‌ను వెక్కిరించడు. మార్క్స్ ఈ రెండు గదులలో దేనిలోనూ పూర్తిగా ఇమడడని తానే ఒప్పుకుంటాడు. అదే సోవెల్ 1995లో రాసిన 'ది విజన్ ఆఫ్ ది అనాయింటెడ్'లో ఎదుటివారిని స్వీయ ఔన్నత్య భ్రమలో మునిగినవారిగా చూపిస్తాడు కనుక, నా దృష్టిలో అది మొదటి పుస్తకానికి చాలా దిగువన నిలుస్తుంది. అందుచేత రచయితను చూసి కాక పుస్తకాన్ని చూసి ఎంచుకోవాలి.

రచ్చబండ:
పాతమిద్దె గారూ, మీ కొలతతో పండితులు మెచ్చినవి మిగులుతాయి, ఓటర్లు చదివినవి పోతాయి. 1960లో రిపబ్లికన్ సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ పేరుతో వచ్చిన 'ది కాన్షన్స్ ఆఫ్ ఎ కన్జర్వేటివ్'నే తీసుకోండి. దానిని నిజానికి రాసింది ఎల్. బ్రెంట్ బోజెల్, అంటే నేషనల్ రివ్యూ పత్రిక స్థాపకుడు విలియం బక్లీకి చెల్లెలి భర్త. అందులో పూర్వపక్షం దాదాపు లేదు. అయినా లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1964 అధ్యక్ష ఎన్నికలో గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలు మాత్రమే గెలిచి చిత్తుగా ఓడిపోయినా, ఆ ఆలోచనలు 1980 ఎన్నికలో గెలిచిన రీగన్‌తో శ్వేతసౌధం చేరాయి. రేడియోలో కోట్ల మంది విన్న రష్ లింబా 1992లో వేసిన పుస్తకం కూడా అలాంటిదే. మర్యాదగా వాదించలేదని వీటిని పక్కన పెడితే ఆ దేశ రాజకీయాలలో సగం అర్థం కావు.

నెల్లూరు పాఠకుడు:
అమ్మకాల మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. టోకు కొనుగోళ్ళ వల్ల పుస్తకం బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కిందన్న అనుమానం ఉంటే న్యూయార్క్ టైమ్స్ దాని పక్కన చిన్న బాకు గుర్తు వేస్తుంది. 2019లో ట్రంప్ పెద్ద కుమారుడి పుస్తకానికి ఆ గుర్తు పడింది. రిపబ్లికన్ జాతీయ కమిటీ దానిపై సుమారు 95 వేల డాలర్లు ఖర్చు చేసినట్లు ఎన్నికల సంఘానికిచ్చిన లెక్కలలోనే తేలింది. కనుక అమ్ముడైనవన్నీ ఓటర్లు చదివినవి కావు.

ప్రచురణకర్త పేరు చూసి కూడా మోసపోవద్దు. 1951లో బక్లీ తొలి పుస్తకాన్ని, 1953లో రస్సెల్ కిర్క్ 'ది కన్జర్వేటివ్ మైండ్'ను తెచ్చిన రెగ్నరీ సంస్థే, 2020 ఎన్నికలో మోసం జరిగిందంటూ ముంబయిలో పుట్టిన దినేశ్ డిసౌజా రాసిన పుస్తకాన్నీ 2022లో తెచ్చింది. ఆ పుస్తకాన్నీ, అదే పేరుతో వచ్చిన సినిమానూ ఇక పంపిణీ చేయబోమని 2024లో వాటి పంపిణీదారు సేలం మీడియా క్షమాపణతో సహా ప్రకటించవలసి వచ్చింది. డిసౌజా విషయంలో హెచ్చరిక చాలా ముందే వినిపించింది: 1995లో జాతివివక్షపై ఆయన రాసిన పుస్తకానికి నిరసనగా గ్లెన్ లౌరీ, రాబర్ట్ వుడ్సన్ అనే ఇద్దరు నల్లజాతి కన్జర్వేటివ్ మేధావులు, ఆయన పనిచేస్తున్న అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే కన్జర్వేటివ్ మేధోసంస్థతో సంబంధం తెంచుకున్నారు. సొంత శిబిరంవారే లేచి వెళ్ళిపోయారంటే పాఠకుడు ఆగి చూడాలి.

 

పాతమిద్దె:
రచ్చబండ గారూ, గోల్డ్‌వాటర్ పుస్తకాన్ని చరిత్ర పత్రంగా చదవండి, కాదనను. వాదం నేర్చుకోవడానికి చదివే పుస్తకం వేరు. బక్లీనే చూడండి: 1957లో ఆయన పత్రిక నేషనల్ రివ్యూ దక్షిణాది తెల్లవారి ఆధిపత్యాన్ని సమర్థిస్తూ సంపాదకీయం వేసింది, 1965లో కేంబ్రిడ్జిలో జరిగిన వాదపోటీలో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఎదుట ఆయన 544–164 ఓట్లతో ఓడిపోయాడు, నల్లవారి హక్కుల విషయంలో పొరబడ్డానని చివరి సంవత్సరాలలో ఒప్పుకున్నాడు. ఇవి తెలియకుండా ఆయన వ్యాసాల చమత్కారానికి ముగ్ధులైపోతే, చదివినట్లు కాదు.

రచ్చబండ:
అది ఒప్పుకుంటాను. కాని చరిత్ర పత్రమని చీటీ అంటించి మొదటి గదిలోకి రానివ్వకపోవడం, పుస్తకాన్ని చదవకుండా ఉండడానికి మర్యాదైన దారి. ఇంతమందిని ఏది కదిలించిందో తెలుసుకోవాలంటే ఆ పుస్తకాన్ని నమ్మినవాడిలా ఒకసారి చదవవలసిందే.

గ్రంథప్రియ:
గోల్డ్‌వాటర్ పేరున వచ్చినది చిన్నది కనుక మొదటి నెలకు పెడుతున్నాను; తరువాత సోవెల్ 1987 పుస్తకం, ఆపై కిర్క్. బక్లీతో పాటు బాల్డ్విన్ వాదం కూడా చదువుతాము. డిసౌజాను వదిలేస్తున్నాను. లింబా విషయంలో మాత్రం రచ్చబండ గారి మాటతో ఇంకా సమాధానపడలేదు: గొంతే ప్రాణమైన మనిషిని అచ్చులో చదివితే ఏమి తెలుస్తుంది? ఆయన రేడియో ప్రసంగం ఒకటి విని, దాని పక్కన ఒక అధ్యాయం చదివితే సరిపోతుందా?