దూర ప్రయాణం లేకుండా, కొత్త వస్తువులు కొనకుండా సేదతీరడం ఎలా?

ప్రశ్న

కొన్ని నెలలుగా పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, ఇప్పట్లో పెద్ద సెలవు దొరికే సూచనలు కూడా లేవు. ఒకవేళ దొరికినా, కేవలం విశ్రాంతి కోసం విమానమెక్కి దూరం వెళ్ళి రావడానికి నాకు మనసొప్పడం లేదు. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 2.5 శాతం విమానయానానిదే కదా. సాయంత్రాలు ఫోన్ చూస్తూ గడిచిపోతున్నాయి, లేచేసరికి అలసట మాత్రం అలాగే ఉంటోంది. ధ్యానానికి కూర్చుంటే మరుసటి రోజు పనులే గుర్తుకొస్తున్నాయి. ఇంట్లోనో, నడిచి వెళ్ళగలిగే దూరంలోనో చేయదగిన మార్గాలు తెలిస్తే దయచేసి చెప్పండి.

సమాధానం 1

పెద్ద సెలవు దొరకలేదని మీరు అంతగా దిగులుపడనక్కరలేదు. సెలవుల ప్రభావాన్ని అధ్యయనం చేసిన యెసికా డి బ్లూమ్ బృందం, సెలవుల్లో పుంజుకున్న ఆరోగ్యమూ ఉత్సాహమూ తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే మునుపటి స్థాయికి వచ్చేస్తున్నట్లు గమనించింది. అందువల్ల ఏడాదికొకసారి దొరికే పెద్ద విశ్రాంతి కన్నా, వారం వారం దొరికే చిన్న విశ్రాంతే మనిషిని ఎక్కువగా ఆదుకుంటుందని నా అభిప్రాయం. పని అలసట నుంచి కోలుకోవడానికి ఏం కావాలో పరిశీలించిన సబీన్ సోన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో నాలుగు అంశాలను ప్రతిపాదించారు: మనసు పని నుంచి పూర్తిగా విడివడడం, ఒళ్ళూ మనసూ సడలడం, ఏదైనా కొత్త నేర్పు అలవరచుకోవడం, మన సమయం మన అదుపులో ఉండడం. ఫోన్‌తో గడిచే సాయంత్రంలో ఈ నాలుగింటిలో ఏదీ సరిగా దక్కదు.

నేను మొదట చెప్పేది చెట్ల మధ్య గడపడం. జపాన్ అటవీ సంస్థ 1982లో ‘షిన్రిన్ యోకు’ (అడవి స్నానం) అనే పేరుతో ప్రోత్సహించినది దీనినే. అందుకు అడవే కానక్కరలేదు. రోజర్ అల్రిక్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స తరువాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన రోగుల కన్నా త్వరగా ఇంటికి వెళ్ళగలిగారు, బలమైన నొప్పి మందులు కూడా వారికి తక్కువగానే అవసరమయ్యాయి. ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది వివరాలతో 2019లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, వారానికి మొత్తం 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపినవారిలో తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు ఎక్కువ. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు.

వెళ్ళినప్పుడు గబగబా నడవకండి, ఒకే చెట్టు దగ్గర కాసేపు నిలబడండి. బెరడు పగుళ్ళ వెంట బారులు తీరిన చీమలు ఎదురుపడినప్పుడు ఆగి మీసాలు తాకించుకుని మళ్ళీ సాగిపోవడం, గాలి తగిలినప్పుడు ఆకుల అడుగు భాగం పాలిపోయిన రంగుతో పైకి తిరగడం వంటివి చూడడానికి బలవంతంగా ఏకాగ్రత తెచ్చుకోవలసిన పని లేదు. ఇటువంటి దృశ్యాలు మన ప్రయత్నం లేకుండానే దృష్టిని నిలుపుతాయనీ, పనిలో అలసిపోయిన ఏకాగ్రతకు ఆ సమయంలోనే విశ్రాంతి దొరుకుతుందనీ మనస్తత్వవేత్తలైన స్టీఫెన్, రేచెల్ కాప్లన్ దంపతులు వివరించారు. ధ్యానంలో కుదురుగా కూర్చోలేకపోతున్న మీకు ఇది నప్పుతుందని నమ్ముతున్నాను.

సమాధానం 2

రాత్రివేళ వేడినీటి స్నానాన్ని కూడా తేలికగా తీసుకోకండి. నిద్రకు ఒకటి రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీటితో పది నిమిషాలు స్నానం చేసినా త్వరగా నిద్ర పడుతుందని, అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2019 నాటి సమీక్ష పేర్కొంది. చేతులకూ పాదాలకూ రక్తప్రసరణ పెరిగి, లోపలి వేడి బయటికి పోయి, ఒళ్ళు చల్లబడుతుంది, ఆ చల్లబడడమే నిద్రకు దారి తీస్తుంది. నీటిని పొదుపు చేయాలనుకుంటే పాదాలు మునిగేంత నీళ్ళు పట్టుకుని కూర్చున్నా హాయిగా ఉంటుంది, సబ్బు కలపకపోతే చల్లారాక వాటిని మొక్కలకు పోయవచ్చు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం నీటి వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి. సువాసన కొవ్వొత్తులు కొనమని చాలామంది సలహా ఇస్తారు గానీ, వాటిలో ఎక్కువగా వాడే పారాఫిన్ పెట్రోలియం నుంచి వచ్చేదే. గదిలో దీపాలు తగ్గించుకుంటే సరిపోతుంది.

సమాధానం 3

పై సలహాలు మంచివే, అయితే 120 నిమిషాలను లెక్కపెట్టుకుంటూ నడిచే పద్ధతితో నేను ఏకీభవించను, ఎందుకంటే అప్పుడు విశ్రాంతి కూడా పూర్తి చేయవలసిన మరో పనిగా మారుతుంది. తల నిండా ఆలోచనలున్నవారికి చేతులకు పని కల్పించడం మేలు. చిరిగిన చొక్కాను పారేయకుండా కుట్టి చూడండి. సూదిలో దారం ఎక్కించి, చిరుగు అంచులను దగ్గరకు తెచ్చి, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం సమంగా ఉండేలా చూసుకుంటున్నంతసేపూ ఆఫీసు ఆలోచనకు చోటుండదు. మొదటి సమాధానంలో చెప్పిన ‘నేర్పు’ అనే అంశం ఇక్కడ నెరవేరుతుంది, ఒక కొత్త చొక్కా కొనవలసిన అవసరం కూడా తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కుట్టుపని తప్పకుండా మొదలుపెడతాను. నేను ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది గనుక, మామూలు రోజుల్లో చెట్ల దగ్గరికి వెళ్ళడం కుదరదు. పడుకున్నాక మరుసటి రోజు పనులు గుర్తుకు రాకుండా ఉండడానికి ఏదైనా ఉపాయం ఉందా?

సమాధానం 1 ఇచ్చినవారు

పడుకునే ముందు అయిదు నిమిషాలు కేటాయించి, మరుసటి రోజూ ఆ తరువాతా చేయవలసిన పనులను కాగితం మీద రాయండి. బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, అప్పటికే పూర్తయిన పనులను రాసినవారి కన్నా చేయవలసిన పనులను రాసినవారికి త్వరగా నిద్ర పట్టింది, జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా పట్టింది. చీకటి పడ్డాక చెట్లకు బదులు ఆకాశాన్ని చూడండి. కళ్ళు చీకటికి బాగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలుగు చూసినా ఆ అలవాటు చెదిరిపోతుంది, కాబట్టి మేడ మీదికి వెళ్ళేటప్పుడు ఫోన్‌ను ఇంట్లోనే వదిలి వెళ్ళండి.