‘ఇద్దరు సూర్యకాంతాలు’: ఈ బహువచనం ఒప్పేనా?

తిరుపతి నుంచి:
సార్, మా పిల్లోడొకడు కథ రాస్తా “ఆ ఇంట్లో ఇద్దరు సూర్యకాంతాలు” అన్నాడు. నా దగ్గరుండే నిఘంటువులో సూర్యకాంతమంటే మణి. మనిషి పేరును ఇట్లా బహువచనం చేయొచ్చా? ఉంచేదా, కొట్టేసేదా?

చిత్తూరు నుంచి:
ఉంచండమ్మా. మా పక్క మొదట “ఆయమ్మ సూర్యకాంతం మాదిరి” అనేవాళ్ళు. ఇప్పుడు “ఆయమ్మా? సూర్యకాంతం!” అంతే. ‘మాదిరి’ జారిపోయిందంటే పేరు జాతివాచకమైపోయినట్టే. శకుని, కుంభకర్ణుడు పురాణాల్లోంచి ఇట్లానే వచ్చినారు, గిరీశం నాటకంలోంచి వచ్చినాడు. కాకపోతే వాళ్ళంతా పాత్రలు. ఇక్కడ మాటయింది సినిమాల్లో గయ్యాళి వేషాలు వేసిన నటి సొంత పేరు.

1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు ఇంతమంది ఉన్న సినిమాకు ఈమె పాత్ర పేరే పెట్టినారు, ‘గుండమ్మ కథ’ అని. (అందులో ఆమె సావిత్రికి సవతితల్లి. ‘గయ్యాళి అత్త’ అని మనం అలవాటుగా అనేస్తాం.) అంత ఆడినా జనం నోట్లో గుండమ్మ కంటే సూర్యకాంతమే గట్టిగా నిలబడింది. ఎందుకంటే 1950లో ‘సంసారం’ మొదలు ఏండ్ల తరబడి అదే తరహా వేషాలు. సినిమా సినిమాకూ పాత్ర పేరు మారతాది. ఆ ఎడంచెయ్యి తిప్పడం, ఆ గొంతు మారవు. మారనిదానికే జనం పేరు పెట్టుకున్నారు.

కుప్పం నుంచి:
అన్నా, ఒక చిన్న మెలిక. నిజంగా ఆ పేరుండే మనిషిని మా ఊర్లో సూర్యకాంతమ్మ అంటారు. ఇద్దరుంటే సూర్యకాంతమ్మలు. ‘అమ్మ’ తీసేసినాకే అది తిట్టు. గయ్యాళి అంటే మాకు పక్కనుండే కన్నడమోళ్ళకు గూడా తెలుస్తాది, వాళ్ళకూ అదే మాట. సూర్యకాంతం అంటే మటుకు తెలుగోళ్ళకే.

పాపం, అసలు మనిషి అట్లాంటిది కాదంట. షూటింగుకు ఇంటినుంచి తినేవి తెచ్చి అందరికీ పంచిపెట్టేదంట. ‘మాయాబజార్’లో చూడండి, హిడింబి వేషం. రాక్షసిగా వేసినప్పుడేమో నెమ్మది, మనిషిగా వేస్తే రాక్షసి!

తిరుపతి నుంచి:
మా ఊరి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆడపిల్లలు చదువుకునే చోటు గయ్యాళికి పట్టం కట్టిందని నాకు భలే నవ్వొస్తాది. సరే సార్, మరి మణి సంగతి?

చిత్తూరు నుంచి:
మణి సంగతి భర్తృహరి నీతిశతకంలో ఉండాది. ప్రాణం లేని సూర్యకాంతం కూడా సూర్యుడి పాదం తగిలితే భగ్గుమంటుంది, పౌరుషం గల మనిషి ఇంకొకరు చేసిన అవమానం ఎట్లా సహిస్తాడు అంటాడు. పాదమంటే కాలూ, కిరణమూ, రెండూ. శ్లోకంలో మణి తగిలితేనే మండతాది, సినిమాలో ఈమె తగలకపోయినా మండతాది! 1924లో కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టేటప్పుడు ఈ శ్లోకం ఎవరికీ గుర్తుండదులెండి.

వ్యాకరణంలో ఒకటి గమనించండి. బహువచనంలో వజ్రం వజ్రాలైనట్టు సూర్యకాంతం సూర్యకాంతాలైంది. కానీ ‘వజ్రపు ఉంగరం’ అంటాం గదా, అట్లా ‘సూర్యకాంతపు కోడలు’ అంటామా? అనం. ‘సూర్యకాంతం కోడలు’ అనే అంటాం, కనకం కోడలు అన్నట్టు. అంటే బహువచనంలో వస్తువుల వరసలోకి పోయింది, విభక్తి దగ్గర ఇంకా మనిషిగానే ఉండాది.

కుప్పం నుంచి:
‘సూర్యకాంతపు నోరు’ అని యాడో విన్నట్టుంది అన్నా.

చిత్తూరు నుంచి:
ఎవరైనా ఎగతాళికి అనుంటారు. నా చెవికి ఆనదు.

తిరుపతి నుంచి:
అయ్యో, మావాడు రెండో పేజీలో అదీ రాసినాడు. సరే, ‘సూర్యకాంతాలు’ ఉంచేస్తా, ‘సూర్యకాంతపు నోరు’ దిద్దమని చెప్తా.